నీరసం వేరు, బలం లేకపోవడం వేరు

పోయిన నెల ఈ శీర్షికలో భుజం పట్టేయడం గురించి రాశాక చాలా ఈమెయిళ్ళు వచ్చాయి. ఎక్కువమంది ఎక్సర్‌సైజుల గురించే అడిగారు. ఒకావిడ మాత్రం ఇలా రాశారు: "నాకు నొప్పి పెద్దగా లేదండీ. కానీ చెయ్యి పైన నిలబడటం లేదు. తల దువ్వుకుంటూ మధ్యలో రెండుసార్లు దించాల్సి వస్తోంది. రెండు చేతులూ అంతే. ఇదీ అదేనా?"

అది కాకపోవచ్చని, ఈ వారంలోనే డాక్టర్‌ని కలవమని, ఏ పరీక్ష గురించి అడగాలో కూడా చెప్పి ఆవిడకి వెంటనే జవాబు రాశాను. అదే జవాబు కాస్త వివరంగా ఈ నెల మీ అందరికీ. ఆ నాలుగు మాటలు చదవగానే మూడేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక అక్కకి జరిగింది గుర్తొచ్చింది. అక్కని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

సొంత అక్క కాదు. మేం న్యూజెర్సీ వచ్చిన కొత్తలో మాకు వండిపెట్టిన మనిషి. గుంటూరు వాళ్ళు. అప్పటికి యాభై రెండేళ్ళు. ఏటా శ్రావణమాసంలో వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతానికి అందరం చేరతాం. ఆ ఏడు వెళ్తే అక్క పీట మీద కాకుండా కుర్చీలో కూర్చుని పూజ చేస్తోంది. "మోకాళ్ళే. వయసొస్తోందిగా" అంది. నడుం దాకా ఉండే జడ కత్తిరించుకుని జుట్టు భుజాల దాకా చేసుకుంది. కొత్త లుక్ బావుందని అందరం మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఫిజికల్ థెరపిస్టుని. రోజంతా నేను చూసేది కండరాలూ కీళ్ళే. అయినా ఆ రోజు నాకు తట్టలేదు.

అక్టోబర్లో అక్క మా క్లినిక్‌కే వచ్చింది. చేతిలో 'ఫ్రోజెన్ షోల్డర్' అని రాసిన రిఫరల్ కాగితం. బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి నేనే పైకెత్తాను. హాయిగా చెవి దాకా వెళ్ళింది. పట్టేసిన భుజమైతే ఎవరు ఎత్తినా వెళ్ళదు, కీలే బిగుసుకుపోయి ఉంటుంది. "ఇప్పుడు నువ్వు ఎత్తక్కా" అన్నాను. సగం దాకా వచ్చి, వణికి, జారిపోయింది. రెండో చెయ్యీ అంతే. అంటే కీలు బాగానే ఉంది. ఎత్తాల్సిన కండరానికే బలం లేదు.

"తలగడ మీంచి తల ఒక్కటే ఎత్తు." లేవలేదు. చేత్తో తల వెనక పట్టుకుని లేపుకోబోయింది. "రోజూ పక్కకి దొర్లి లేస్తున్నాలే" అంది.

"జడ ఎందుకు కత్తిరించుకున్నావక్కా?"

"అల్లుకోలేక. మీ బావగారిని అల్లమంటే బావుంటుందా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒక్క మాట దగ్గర తొమ్మిది నెలలు

అక్కకి ఇది మొదలైంది జనవరిలో. మార్చిలో ప్రైమరీ కేర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళి "అయామ్ వెరీ టైర్డ్" అంది. ఆ వయసు ఆడమనిషి అలసటగా ఉందంటే ఏ డాక్టరైనా చూసేవే ఆయనా చూశాడు: థైరాయిడ్, రక్తహీనత, బీ12, విటమిన్ డీ. డీ తక్కువగా ఉందని మాత్రలిచ్చాడు. జూన్‌లో మళ్ళీ రక్తపరీక్ష చేస్తే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎక్కువగా ఉన్నాయి. ఫ్యాటీ లివర్ కావచ్చు, అన్నం తగ్గించమన్నాడు. ఆగస్టులో చేతులు లేవడం లేదంటే ఫ్రోజెన్ షోల్డర్. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ అన్యాయమైన అనుమానం కాదు. కానీ మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకుని ఒళ్ళంతా పైకి లాగుకుంటున్నానని అక్క ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు. "ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అంది.

మన తెలుగులో 'నీరసం' పెద్ద మాట. నిద్ర చాలకపోయినా నీరసమే, ఉపవాసమున్నా నీరసమే, కాళ్ళు లేవకపోయినా నీరసమే. ఇంగ్లీషులో దాన్ని 'టైర్డ్' అనేస్తాం. డాక్టర్ చెవికి అది అలసట. అలసట అంటే పని చేయగలను గానీ ఓపిక లేదని. బలం లేకపోవడమంటే ఓపిక ఉన్నా, మనసున్నా, ఆ పని చేయలేకపోవడం. మొదటిది వింటే డాక్టర్ ఆలోచన నిద్ర, థైరాయిడ్, మెనోపాజ్, దిగులు వైపు వెళ్తుంది. రెండోది వింటే కండరాల వైపు, నరాల వైపు వెళ్తుంది. ఈ నెల నేను చెప్పదలుచుకున్నదంతా ఇంతే. మీకెలా ఉందో కాదు, ఏం చేయలేకపోతున్నారో చెప్పండి.

ఇంతకీ ఏమిటీ జబ్బు?

పేరు వినగానే అక్క అడిగిన మొదటి మాట: "సమంతకొచ్చిందే, అదా?" 2022 అక్టోబర్లో 'యశోద' ట్రైలర్ వచ్చిన రోజుల్లో, చేతికి సెలైన్ సూదితో డబ్బింగ్ చెబుతున్న ఫొటో పెట్టి, తనకి మయోసైటిస్ వచ్చిందని సమంత బయటికి చెప్పింది. అప్పటిదాకా డాక్టర్లకే తెలిసిన మాట మన ఇళ్ళలోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 'దంగల్'లో చిన్న బబిత వేషం వేసిన సుహానీ భట్నాగర్ పంతొమ్మిదేళ్ళకే చనిపోయినప్పుడు, ఆ అమ్మాయికి డెర్మటోమయోసైటిస్ అని తల్లిదండ్రులు చెప్పారు.

'మయో' అంటే కండరం, 'ఐటిస్' అంటే లోపలి వాపు. రోగాల మీద పోరాడాల్సిన మన రోగనిరోధక వ్యవస్థ పొరబడి మన కండరాల మీదే పడుతుంది. కండరంతో పాటు చర్మం మీదా కనిపిస్తే డెర్మటోమయోసైటిస్ అంటారు. అక్కకి వచ్చింది అదే. ఈ జబ్బుల్లో మరికొన్ని రకాలున్నాయి. ఇవి అరుదైనవే, కంగారు పడొద్దు. కానీ డెర్మటోమయోసైటిస్ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో దాదాపు రెండింతలు. పెద్దవాళ్ళలో ఎక్కువగా నలభై, అరవై ఏళ్ళ మధ్య బయటపడుతుంది. సరిగ్గా అన్నిటినీ వయసు మీదా, బరువు మీదా తోసేసుకునే వయసు.

ఒళ్ళు చెప్పే సంగతులు

ఈ జబ్బు మొదట పట్టేది ఒంటి మధ్య భాగానికి దగ్గరగా ఉన్న పెద్ద కండరాలని: తొడలు, తుంటి, భుజాలు, మెడ. రెండు పక్కలా ఒకేలా, వారాల్లోనో నెలల్లోనో పెరుగుతుంది. మొదట్లో వేళ్ళ పట్టు బాగానే ఉంటుంది. కూరలు తరగగలుగుతాం, ఫోన్‌లో టైపు చేయగలుగుతాం. అందుకే బలం తగ్గిందని మనకే తోచదు. నొప్పి కొందరికి ఉంటుంది, చాలామందికి పెద్దగా ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటాం.

కొన్నాళ్ళుగా ఇవి కొత్తగా మొదలయ్యాయేమో చూసుకోండి:

- పీట మీంచో, కింద చాప మీంచో లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి, లేదా చేతులు తొడల మీద ఆనించుకుంటూ లేవాలి.
- సోఫాలోంచి, కమోడ్ మీంచి, కారులోంచి లేవడానికి చేతుల సాయం కావాలి.
- మెట్లెక్కుతుంటే కాలు కన్నా చెయ్యే ఎక్కువ పని చేస్తోంది.
- జడ అల్లుకోవడం, తలంటుకోవడం, వెనక హుక్స్ పెట్టుకోవడం మధ్యలో ఆగిపోతోంది.
- పప్పుల డబ్బాలు పై షెల్ఫ్‌లోంచి కింది షెల్ఫ్‌లోకి దిగిపోయాయి. గ్రైండర్‌లోంచి రాయి ఎత్తలేక మిక్సీలోనే రుబ్బుతున్నారు.
- పడుకున్న చోట తల ఎత్తలేకపోతున్నారు.
- ముద్ద గొంతు దగ్గర ఆగుతోంది, నీళ్ళు తాగుతుంటే పొలమారుతోంది, గొంతు మారింది.

ఈ పట్టికలో ఒక కిటుకుంది. మనం ఇవి 'చేయలేకపోతున్నాం' అనుకోం, 'మానేశాం' అనుకుంటాం. కుర్చీ వేసుకుంటాం, జడ కత్తిరించుకుంటాం, డబ్బాలు కిందికి దించుకుంటాం, పిల్లాణ్ణి "నువ్వే తియ్యి నాన్నా" అంటాం. ఇల్లు నడిచిపోతుంది. ఇంట్లో వాళ్ళకి తెలియదు. కాబట్టి ఒక్కసారి లెక్క చూసుకోండి: ఆర్నెల్ల కిందట చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటి?

చిన్న పరీక్ష ఒకటి ఇంట్లోనే చేసుకోవచ్చు. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఎవరైనా ఉండాలి. ఒక్కసారి కూడా లేవలేకపోతే, మోకాళ్ళ నొప్పి వల్లా, బలం లేకా అన్నది గమనించండి. రెండో కారణమైతే డాక్టర్‌కి ఆ మాటే చెప్పండి.

మంగు అనుకున్నది మంగు కాకపోవచ్చు

ఆ రోజు క్లినిక్‌లో అక్క చేతులు పట్టుకుని చూశాను. వేళ్ళ కణుపుల మీద నల్లగా, కొంచెం ఎత్తుగా మచ్చలు. గిన్నెల సబ్బు పడలేదనుకుంది. పై రెప్పలు కాస్త ఉబ్బి లేత వంకాయ రంగులో ఉన్నాయి. ఎలర్జీ అనుకుంది. మెడ కింద, వీపు పైభాగాన సరిగ్గా శాలువా కప్పుకునే చోట చర్మం నల్లబడి దురద. ఎండ అనుకుంది. నెత్తి మీద భరించలేని దురద. చుండ్రు అనుకుంది.

ఈ నాలుగూ డెర్మటోమయోసైటిస్ గుర్తులే. వీటితో పాటు గోళ్ళ మొదట్లో చర్మం ఎర్రబడి చిరిగినట్టుండటం, వేళ్ళ పక్కలు మెకానిక్ చేతుల్లా గరుకుగా పగలడం, తొడల బయటి పక్క మచ్చలు కూడా రావచ్చు. ఎండ తగిలితే పెరుగుతాయి. తెల్లవాళ్ళ చర్మం మీద ఇవి ఎర్రగా, ఊదాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మన చామనఛాయ ఒంటి మీద ముదురు గోధుమ రంగులోనో, నల్లగానో ఉండి మంగులా, పిగ్మెంటేషన్‌లా అనిపిస్తాయి. డాక్టర్ కన్ను కూడా దాటిపోవచ్చు. ఫొటోలు తీసి ఉంచుకోండి, తేదీతో సహా. కొంతమందికి చర్మం మీదే కనిపించి కండరాల బలం తగ్గకపోవచ్చు. అలాంటప్పుడూ చూపించుకోవాల్సిందే.

ఊపిరితిత్తుల మాట కూడా మరవకూడదు. పోని పొడిదగ్గు, కొద్దిగా నడిస్తేనే ఆయాసం ఈ జబ్బుతో కలిసి వచ్చాయంటే లోపల ఊపిరితిత్తులకీ వాపు ఉండొచ్చు. ఊపిరాడకపోయినా, మింగడం కష్టమై తరచూ పొలమారుతున్నా, మూత్రం కోక్ రంగులో వస్తున్నా, రోజుల్లోనే బలం పడిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఎమర్జెన్సీకి వెళ్ళండి.

అడగాల్సిన పరీక్ష

కండరం దెబ్బతింటే అందులోంచి క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ రక్తంలోకి వస్తుంది. సీకే అంటారు. మామూలు రక్తపరీక్షే, కానీ ఏటా చేసే చెకప్‌లో సాధారణంగా ఉండదు. అడగాలి. ఈ జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు సీకే మామూలు కన్నా పది రెట్లు, ఒక్కోసారి యాభై రెట్లు కూడా ఉండొచ్చు. అక్కది వేలల్లో ఉంది.

అక్క లివర్ సంగతి? ఏఎస్‌టీ, ఏఎల్‌టీ లివర్లోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. అవి పెరిగి, బలం కూడా తగ్గుతుంటే, "ఇవి కండరం నుంచి వస్తున్నాయేమో, సీకే చూద్దామా?" అని అడగండి. జీజీటీ అనే మరో లివర్ పరీక్ష మామూలుగా ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. సీకే మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. డెర్మటోమయోసైటిస్‌లో కొందరికి పెరగదు. మచ్చలుండి బలం తగ్గుతుంటే రుమటాలజిస్టుకి పంపమని అడగండి. ఆ తర్వాత యాంటీబాడీ పరీక్షలు, తొడల ఎంఆర్‌ఐ, ఈఎంజీ, అవసరమైతే కండరంలోంచో చర్మంలోంచో చిన్న ముక్క తీసి చూడటం ఉంటాయి.

బలం తగ్గిన ప్రతివాళ్ళకీ మయోసైటిస్ కాదు. మనవాళ్ళలో విటమిన్ డీ బాగా తగ్గినా తొడల్లో బలం తగ్గుతుంది. థైరాయిడ్ తగ్గినా కండరాలు నీరుగారి సీకే పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్రల వల్ల కూడా కావచ్చు. వాటిని మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి చెప్పండి. యాభై దాటినవాళ్ళకి పొద్దున్నే భుజాలు, తుంటి బిగుసుకుపోయి నొప్పెడుతుంటే, సీకే మామూలుగానే ఉంటే, అది పాలీమయాల్జియా కావచ్చు. కానీ డీ మాత్రలు రెండు మూడు నెలలు వేసుకున్నా మార్పు లేకపోతే అక్కడే ఆగిపోకండి. అక్క అక్కడే ఆగిపోయింది.

చెప్పక తప్పని మాట

పెద్దవాళ్ళకి డెర్మటోమయోసైటిస్ వస్తే వెనక ఎక్కడైనా క్యాన్సర్ దాగి ఉందేమో వెతుకుతారు. జబ్బు బయటపడ్డ మొదటి ఏడాది ఆ ప్రమాదం ఎక్కువ, మూడేళ్ళ వరకూ కనిపెట్టి ఉండాలి. ఆడవాళ్ళలో అండాశయం, రొమ్ము ముఖ్యంగా చూస్తారు. అందరికీ ఉంటుందని కాదు. అక్కకి అన్నీ చూశారు, ఏమీ లేదు. కానీ ఎగ్గొట్టిన మామోగ్రామ్‌లు ఉంటే ఈ జబ్బు దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే చేయించుకోండి.

మందుల మాట కొస్తే, మొదట స్టెరాయిడ్, దాంతో పాటు మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్ వంటివి వాడతారు. 2021లో ఎఫ్‌డీఏ పెద్దవాళ్ళ డెర్మటోమయోసైటిస్‌కి ఒక ఐవీఐజీ మందుని ఆమోదించింది. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. అయినా హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకునేది, రోజూ కాదు. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు వాడకూడదు. 'ఇమ్యూనిటీ పెంచుతుంది' అని ఎవరో చెప్పిన పొడులు వేసుకోకండి. స్పిరులినా వంటివి తీసుకున్నాక జబ్బు మొదలైన, తిరగబెట్టిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇండియా వెళ్ళే ముందు టీకాలంటే ఈ మందుల సంగతి చెప్పండి. నోటితో వేసుకునే టైఫాయిడ్ టీకా వంటి లైవ్ టీకాలు పనికిరావు. ఎక్సర్‌సైజు మాత్రం మానకూడదు. ఒకప్పుడు విశ్రాంతి అనేవారు. ఇప్పుడు తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో మొదటినుంచీ చేయిస్తున్నాం.

"ఈ వేసవికి ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాంలే" అనేది మనందరి మాట. నిజమే, అక్కడ మంచి రుమటాలజిస్టులున్నారు, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగమే ఉంది. కానీ ఈ జబ్బు వేసవి దాకా ఆగదు. వాపు ఎక్కువకాలం ఉన్న చోట కండరం పోయి కొవ్వు చేరుతుంది. పోయింది పూర్తిగా తిరిగి రాదు. రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్‌కి నెలలు పడుతుందంటే, సీకే నంబర్‌తో సహా మీ డాక్టర్ చేతనే ఆ ఆఫీసుకి ఫోన్ చేయించండి. అక్కకి అలాగే పది రోజుల్లో దొరికింది. మనల్ని చూడటానికి వచ్చిన అమ్మకో అత్తగారికో ఈ లక్షణాలు కనిపిస్తే, విజిటర్ ఇన్సూరెన్స్ ఏం ఇస్తుందో చూసుకుని, సీకే దాకా ఇక్కడే చేయించి, ఆ రిపోర్టుతో టికెట్ ముందుకి జరపండి. తిరుగు ప్రయాణం దాకా దాచుకోనివ్వకండి.

అక్క ఇప్పుడెలా ఉంది? స్టెరాయిడ్ బాగా తగ్గించారు. మెథోట్రెక్సేట్ నడుస్తోంది. మధ్యలో ఒకసారి తిరగబెట్టింది. మెట్లు రెయిలింగ్ పట్టుకునే ఎక్కుతుంది, కానీ ఇప్పుడు కాలే పని చేస్తుంది. పోయిన శ్రావణంలో కూడా కుర్చీలోనే పూజ చేసింది. జుట్టు మళ్ళీ పెంచుతోంది. "పూర్తిగా అల్లలేను గానీ ముడి వేసుకోగలుగుతున్నా" అంది.

మీలో ఎవరైనా, లేదా మీకు తెలిసిన ఏ పిన్నో అక్కో, ఈ మధ్య ఏదో పని చడీచప్పుడు లేకుండా మానేశారేమో ఆలోచించండి. వాళ్ళని ఎలా ఉన్నారని అడగకండి, బావున్నామనే అంటారు. కింద కూర్చుని లేవగలుగుతున్నారా అని అడగండి.

వచ్చే నెల మోకాళ్ళ గురించి. ఈలోగా ఆ కుర్చీ పరీక్ష చేసుకుని ఎలా ఉందో రాయండి.